విశ్వాసమ్మ ఇంటి మీటరు

ఆ నెల ఒకటో తేదీన సచివాలయం మధులత విశ్వాసమ్మ ఇంటి ముందు ఆగలేదు. కాలనీలో అందరికీ పింఛన్లు పంచుకుంటూ చివరిదాకా పోయింది. తిరిగి వచ్చేటప్పుడు కూడా తల పక్కకు తిప్పుకొని స్కూటీ నడిపింది.

నేను అప్పుడే పూజ ముగించి విభూతి పెట్టుకుంటున్నాను. పెరటి గోడ అవతల నుంచి విశ్వాసమ్మ పిలిచింది.

"రెడ్డీ, ఒకసారి ఇట్ట రా సామీ. ఆ పిల్ల నన్ను చూడనట్టే పోతాండాది."

మా ఇల్లు ఊరి చివర, వేంపల్లెకు పోయే రోడ్డు పక్కన ఉంటుంది. పెరటి గోడ దాటితే విశ్వాసమ్మ వాళ్ళ కాలనీ. మొదటి ఇల్లు ఆమెదే. ఒక గది, ముందు చిన్న అరుగు. భర్త పోయి పదేళ్ళయింది, పిల్లలు లేరు. ఇరవై రెండేళ్ళుగా మా కొట్టంలో పేడ తీసేదీ, పశువులకు నీళ్ళు పెట్టేదీ ఆమే. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. వయసు పైబడి పొలం కూలికి పోలేక, మేమిచ్చే కాస్తతో, ఆ పింఛనుతో బతుకుతోంది.

నేను మధులతకు ఫోను చేశాను.

"ఆయమ్మ పేరు లిస్టులో తీసేసినారు సార్," అంది. "కరెంటు శానా కాలుస్తాండాది. ఆరు నెలల సగటు మూడు వందల పన్నెండు యూనిట్లు. మూడు వందలు దాటితే రైస్ కార్డూ పోతాది, పింఛనూ పోతాది. మీకు తెలియనిదా?"

నాకు తెలుసు. తెలుసు కాబట్టే పోయిన ఏడాది ఆ పని చేశాను.

పోయిన ఏడాది ఎండలకు తట్టుకోలేక ఏసీ కొన్నాం. మొదటి నెలే మా మీటరు రెండు వందల తొంభై చూపించింది. మూడు వందలు దాటితే మా కార్డు పోతుంది. కార్డు పోతే ఆరోగ్యశ్రీ పోతుంది. నా భార్య వెంకటలక్ష్మమ్మకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, ఆపరేషను చేయించాలి. మాకున్న ఎనిమిది ఎకరాల మెట్టలో శనక్కాయ వేసి ఆసుపత్రి ఖర్చు పెట్టలేను. ఇదీ నేను అప్పుడు చెప్పుకున్న కారణం. ఏసీ తీసేద్దామని మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

అప్పుడు విశ్వాసమ్మ గుర్తుకొచ్చింది. ఎస్సీ కాలనీ కదా, వాళ్ళకు రెండు వందల యూనిట్ల దాకా ఉచితం. ఆమె కాల్చేది ముప్ఫై. ఒక ఫ్యాను, రెండు బల్బులు. మిగతాదంతా ఊరికే పోతోంది కదా అనుకున్నాను.

"ఒక వైరు లాక్కుంటా విశ్వాసమ్మా. ఈ ఎండాకాలం వరకే. ఎవురికీ చెప్పొద్దు," అన్నాను.

"దానికేముండాది సామీ, లాక్కో," అంది.

డ్రిప్పుకు తెచ్చిన పైపు ముక్కలో వైరు దూర్చి, గోడ కింద గుంత తీసి పూడ్చాను. ఏసీ, ఫ్రిజ్, బోరు మోటారు దానికి తగిలించాను. వెంకటలక్ష్మమ్మ గ్రైండరు కూడా ఆ లైనుకే వచ్చింది. ఆమెకు మడి పట్టింపు ఎక్కువ. "ఆ ఇంటి నుంచి వచ్చే కరెంటుతో నైవేద్యానికి పిండి రుబ్బొచ్చునా?" అని అడిగింది.

నేను నవ్వాను. "కరెంటుకు మైల ఏంటికే? శ్రీశైలం డ్యాములో పుట్టి వస్తాది, మల్లన్న పాదాల కాడి నుంచి."

ఆ జవాబు నాకే బాగా నచ్చింది. భజనలో ఇద్దరు ముగ్గురికి, వైరు సంగతి దాచిపెట్టి, ఆ మాట చెప్పాను కూడా. విశ్వాసమ్మ ఇన్నేళ్ళలో కొట్టం దాటి మా ఇంటి లోపలికి ఎందుకు రాలేదన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

ఎండాకాలం పోయింది. వైరు తీయలేదు. మళ్ళీ ఎండాకాలం వచ్చింది. రెండు వందలు దాటిన నెలల్లో ఆమె పేరు మీద బిల్లు వస్తే నేనే కట్టేవాణ్ణి. కట్టినందుకు నా మనసు తేలికగా ఉండేది. మూడు వందల లెక్క నా ఇంటికి ఎట్లా వర్తిస్తుందో ఆమె ఇంటికీ అట్లాగే వర్తిస్తుందని ఒక్క రోజన్నా నాకు తట్టలేదు. విశ్వాసమ్మ బీదదని ఊరంతటికీ తెలుసు. అది మీటరుకు తెలియదు.

ఫోను పెట్టేసి, మొదట నేను చేసిన పని వైరు రెండు కొసలూ ఊడదీయడం. మెయిన్ స్విచ్ దగ్గర నిలబడి విశ్వాసమ్మ చూస్తూ ఉంది.

"రెడ్డీ, దీనివల్లనేనా?"

"మీటరు చెడిపోయింటాది," అన్నాను. "అర్జీ రాస్తాలే."

"వైరు సంగతి చెప్పేస్తే పోదా?"

"చెప్తే ఇద్దరి మీదా కేసు పెడతారు. నీ ఇంట్లోంచే గదా పోయింది. నిన్ను జీపెక్కించి కడపకు తీసకపోతారు."

అంత మాట ఎట్లా అన్నానో. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

నేనే అర్జీ రాశాను. 'మీటరు ఎక్కువ తిరుగుచున్నది, పరీక్ష చేయించగలరు' అని. ఆమె చేత వేలిముద్ర వేయించాను.

ఇంట్లో వెంకటలక్ష్మమ్మ మాటలు దాచుకునే మనిషి కాదు. "ఆయమ్మ పింఛను మనమే తీసినాం," అంది. వెంటనే, "నా ఆపరేషను దసరా అయినాంక గదా. అంతవరకు గమ్మునుండు. ఆ దుడ్లేవో మనమే ఇద్దాం," అంది.

ఇవ్వబోయాను. విశ్వాసమ్మ తీసుకోలేదు.

"పని చేసిందానికి ఇచ్చినావు, తీసుకున్న్యా. ఇది ఏంటికి?"

"పింఛను బదులు అనుకో."

"అది నాది సామీ. ఒకటో తేదీ ఆ పిల్ల వచ్చి, అవ్వా బాగుండావా అని ఇచ్చి పోతాది. ఇదైతే నీ తావ చెయ్యి చాపినట్టుంటాది."

రెండో నెల కూడా మధులత ఆగలేదు. కొట్టంలో విశ్వాసమ్మ ఎప్పటిలాగే పేడ తీస్తోంది. మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చుకోవడం మానేసింది. అడిగితే ఆకలి లేదంది.

ఆ ఆదివారం పొద్దున నేను పూజలో ఉన్నాను. కాలనీ చర్చి మైకు మా ఇంటికి బాగా వినిపిస్తుంది. పాట అయిపోయాక పాస్టరు గొంతు వచ్చింది.

"ప్రభువా, మా తల్లి విశ్వాసమ్మ ఇంటి మీటరును నీ చేతితో ముట్టుకో తండ్రీ! ఆ చక్రము ఉరుకుతాండాది దేవా, దాన్ని నిదానపరచు!"

ఆమెన్, ఆమెన్ అని అందరూ అన్నారు. నాకు నవ్వు రాబోయింది. అంతలో మళ్ళీ పాస్టరు అందుకున్నాడు. "ఆ తల్లికి అర్జీ రాసి పెట్టిన వీరభద్రారెడ్డి గారిని దీవించు. ఆయన భార్య మోకాళ్ళను స్వస్థపరచు."

ఆమెన్, ఆమెన్.

చేతిలో బిల్వపత్రం అట్లాగే ఉండిపోయింది. నా భార్య మోకాళ్ళ కోసం అంతమంది ప్రార్థన చేశారు. వాళ్ళ చేత ఆ ప్రార్థన చేయించింది నా అబద్ధం. శివయ్య ముఖం చూడలేక దీపం వత్తిని చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా మాల వేసుకొని శ్రీశైలం నడిచి పోతున్నాను కదా, కాళ్ళు పుండ్లు పడినందుకు గర్వపడ్డానే గాని నడిచి ఏం తెలుసుకున్నాను అనిపించింది.

సోమవారం కరెంటు ఆఫీసుకు రమ్మన్నారు. విశ్వాసమ్మను బస్సులో తీసుకుపోయాను. ఏఈ హనుమేష్ కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు. నన్ను చూసి లేచి కుర్చీ చూపించాడు. నేను కూర్చున్నాను. విశ్వాసమ్మ తలుపు పక్కన నిలబడింది. లైన్‌మన్ ఓబుళేశు కూడా అక్కడే ఉన్నాడు.

"మీటరు టెస్టు చేశామండీ. కరెక్టుగా ఉంది," అన్నాడు ఏఈ. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "అవ్వా, నీ ఇంట్లో ఏమేం ఉన్నాయి?"

"ఒక ఫ్యాను సార్. రెండు బల్బులు."

"ఏసీ ఉందా?"

ఓబుళేశు నవ్వాడు. "ఉండాది సార్. ఆయమ్మ ఇంటి రేకుకు మూడు బొక్కలుండాయి, అదే ఏసీ."

"నువ్వుండవయ్యా. మరి మూడు వందల పన్నెండు ఎట్లా వచ్చాయి? ఎవరికి అమ్ముతున్నావు కరెంటు? రోడ్డు మీద కూల్‌డ్రింకు బంకుకు ఇచ్చావా? గవర్నమెంటు ఉచితంగా ఇస్తే వ్యాపారం చేస్తారా? ఈ వయసులో దొంగతనమా?"

విశ్వాసమ్మ తల వంచుకొనే ఉంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను మాట్లాడి ఉండేవాణ్ణో లేదో తెలియదు. చూడకుండా ఉండడానికి ఆమె పడుతున్న కష్టం నాకు కనిపించింది.

"సార్," అన్నాను. "ఆ యూనిట్లు నావి. నేనే ఆమె ఇంటి నుంచి వైరు లాక్కున్నా."

ఏఈ మెత్తగా నవ్వాడు.

"పెద్ద మనసండీ మీది. మీ ఇంట్లో పని చేసే మనిషి, జాలి పడుతున్నారు. కానీ ఇట్లా మీ మీద వేసుకుంటే మీకే ఇబ్బంది."

"శివమాల వేసే మనిషి గదా సార్," అన్నాడు ఓబుళేశు. "చీమకు గూడా చక్కెర పెడతాడు."

ఆ పొగడ్త నాకు బాగుండింది. ఎంతసేపని చెప్పను, కళ్ళు మూసి తెరిచేంత సేపు. ఇట్లాగే వదిలేస్తే నిజమూ చెప్పినట్టుంటుంది, పేరూ నిలుస్తుంది, కార్డూ నిలుస్తుంది అని లెక్క కూడా వేసుకున్నాను. జీవితంలో నేను పడిన సిగ్గులన్నిటిలో ఆ క్షణమే నన్ను ఎక్కువ వేధిస్తుంది.

ఏఈ విశ్వాసమ్మను అడిగాడు. "నిజమేనా అవ్వా?"

"లేదు సార్," అంది ఆమె. "రెడ్డి అట్టాంటోడు కాదు. నాకేం తెలీదు సార్. నన్ను కడపకు తీసకపోవద్దండి."

ఏఈ అయోమయంగా చూశాడు. "కడప ఏమిటి?"

నేను కుర్చీలోంచి లేచాను.

"కేసు పెట్టి జీపెక్కిస్తారని ఆమెను బెదిరించింది నేనే సార్. అబద్ధం అర్జీ రాసిందీ నేనే. వైరు మా గోడ కింద ఉండాది. రాండి, చూపిస్తా."

ఈసారి ఎవరూ నన్ను పొగడలేదు.

పదకొండు గంటలకు ఓబుళేశు, నేను, విశ్వాసమ్మ ఊరు చేరాం. గడ్డపార తెచ్చి గోడ వెంబడి నేనే తవ్వాను. కాలనీ వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. మా వైపు నుంచి భజన వాళ్ళు ఇద్దరు వచ్చి, చూసి, వెళ్ళిపోయారు. వాళ్ళు తిట్టి ఉంటే బాగుండేది. వెంకటలక్ష్మమ్మ కొట్టం తలుపు పట్టుకొని కాసేపు నిలబడింది. "మోకాళ్ళు నావి. మాట నాతో ఒకటి చెప్పి పోయింటే ఏం?" అని లోపలికి పోయింది. అదీ నిజమే. చెప్పకుండానే పోయాను.

పైపు బయట పడింది. ఓబుళేశు లాగి చూశాడు.

"ఏమప్పా, జాయింటు ఇంత నాసిగా కొట్టినావు? వాన నీళ్ళు లోపలికి దిగింటే ఆయమ్మ ఇంటి గోడకే షాక్ కొట్టేది."

అది కూడా నాకు అంతవరకు తోచని సంగతే.

"ఉన్నది ఉన్నట్టు రాసియ్యి," అని తెల్లకాగితం ఇచ్చాడు. "నీ సంతకం, ఆయమ్మ వేలిముద్ర. నీకు ఫైను పడతాది, కార్డు సంగతి వాళ్ళు చూసుకుంటారు. ఆయమ్మ పింఛను ఎంక్వయిరీ అయినాంక వస్తాది."

విశ్వాసమ్మ ఇంటి అరుగు మీద కూర్చొని రాశాను. ఏ నెలలో వైరు లాగింది, ఏమేం తగిలించింది, ఎన్ని నెలలు. రాయడం అయ్యాక, "చదువు సామీ. పోయినసారి నువ్వు ఏం రాసినావో నాకు తెలీకుండానే ఏలు ఏసినా," అంది.

చదివాను. "'...విశ్వాసమ్మను అడిగి, ఆమె ఒప్పుకున్న మీదట ఆమె ఇంటి నుండి వైరు తీసుకున్నాను. కాలిన కరెంటు అంతా నాది...'"

"ఒప్పుకున్న మీదట అని రాసినావా?"

"ఒప్పుకున్నావు గదా."

"ఒప్పుకున్న్యా." ఆమె సిరా పూసిన బొటనవేలు పైకెత్తి పట్టుకొని నేల చూస్తూ నిలబడింది. "నువ్వు అడిగితే కాదని యాడన్నా అన్న్యానా రెడ్డీ, ఇరవై రెండేండ్లల్లో? నా మాదిరి మనిషి కాదంటే, తెల్లారి మీ కొట్టంలోకి వచ్చేదెట్ట?"

కాగితం మీదికి తల వంచాను. నేను ఏదన్నా తప్పు చేసి ఇట్లా తల వంచుకున్నప్పుడు ఆమే ఎప్పుడూ, "పోనీలే సామీ," అనేది. ఆ మాట కోసం ఎదురుచూశాను. ఆమె అనలేదు.

"అది గూడా రాయి," అంది.

కాగితంలో చోటు లేదు. వెనక్కి తిప్పాను.

"ఇంకా ఏముండాదప్పా రాసేదానికి?" అన్నాడు ఓబుళేశు. "ఎండ ముదురుతాంది."

'నేను అడిగితే ఆమెకు కాదనే వీలు లేదని తెలియక అడిగాను' అని రాశాను. చదువుకున్నాను. ఒక మాట కొట్టేసి, పైన ఇంకో మాట రాసి ఆమెకు వినిపించాను.

"'నేను అడిగితే ఆమెకు కాదనే వీలు లేదని తెలిసే అడిగాను.'"

ఆమె వంగి, ఆ వాక్యం కింద వేలిముద్ర వేసింది.