మామగారి పేరు

దూరపు కొండలు నునుపు అన్నవాళ్ళు మా లోయలోకి ఒక్కసారైనా దిగి, మళ్ళీ ఎక్కి ఉంటారు. పై అంచున నిలబడి చూస్తే అంతా ముద్దుగానే ఉంటుంది. అడుగున సన్నగా నది, రెండు పక్కలా నిట్టనిలువు నల్లరాయి, రాతి నెర్రెల్లో గద్దల గూళ్ళు. దిగడం మొదలుపెట్టాక మోకాళ్ళు మాట్లాడతాయి. పంతొమ్మిదేళ్ళుగా నేను పట్నాల నుంచి వచ్చినవాళ్ళను ఈ లోయలోకి దింపి, నది వెంట నడిపించి, కొండ మీంచి దూకే పెద్ద ధార అడుగున కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ పైకి తీసుకొస్తున్నాను. ఇప్పుడు నా కుడి మోకాలు ఇంటికి పెద్దదైపోయింది. దాని మాట నేను వినాలి, నా మాట అది వినదు.

ఆ రోజు వచ్చినామె పేరు సెయిపాతి. సరిహద్దు అవతల బ్లూమ్‌ఫొంటేన్‌ పట్నంలో నర్సు. మా భాషే, మా మనిషే, కానీ పట్నంలో పుట్టి పెరిగింది.

"అలిసిపోయానక్కా. వారం సెలవు పెట్టి వచ్చేశాను," అంది.

"అలిసిపోతే పడుకోవాల గానీ, కొండలెక్కుతారామ్మా ఎవరైనా?" అన్నాను.

ఆమె నవ్వింది. నాకు నవ్వే ఓపిక లేదు. అప్పటికే మామగారికి జొన్నగంజి కాచి తాగించి, ఒళ్ళు తుడిచి, దుప్పటి కప్పి, గోడవార ఎండలో కూర్చోబెట్టి వచ్చాను. ఆయనకు ఎనభై రెండు. రెండేళ్ళుగా మతి నిలవడం లేదు. రోజూ గంజి గిన్నె చేతికిస్తే నా ముఖంలోకి చూసి, "ఎవరి బిడ్డవమ్మా? మా ఇంట్లో ఏం పని నీకు?" అని అడుగుతారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయనకు వండిపెడుతున్నాను. మొదట్లో పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని. తరవాత "గంజి పని పెద్దాయనా" అనడం నేర్చుకున్నాను. మా ఆయన గనుల్లో పనిచేస్తాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చి, తండ్రిని చూసి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతాడు. మిగతా తుడవడాలన్నీ నావి.

మొదటి మలుపు దిగాక సెయిపాతి ఖాళీ సీసా ఊపింది. "అక్కా, నీళ్ళు ఎక్కడ పట్టుకుందాం?"

"తడి... కింద, చెలమ దగ్గరుంటాది. ఇంకో గంట."

"తడా?"

"తడే."

నన్ను ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. "మా అమ్మమ్మ ఇలాగే మాట్లాడేది! ఆవిడ గొడ్డలిని గొడ్డలి అనేది కాదు, మా ముత్తాత పేరని. మీ మామగారి పేరులో నీళ్ళున్నాయా?"

"ఉండాయి. పెళ్ళైన కాడి నుంచి గొంతెండి చస్తున్నా ఆ మాట అన్లేదు."

మా వాళ్ళలో కోడలు మామగారి పేరు పలకదు. ఆ పేరును పోలిన మాటా పలకదు. పలికితే నలుగురిలో ఆయన చెంప మీద కొట్టినట్టే. పెళ్ళి మర్నాడే అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏయే మాటలు మానుకోవాలో చెప్పింది. నది పక్కన బతికేదాన్ని, నదిని చూపించి పొట్టపోసుకునేదాన్ని, నాకే ఆ మాట లేకుండా పోయింది. ఆయన నన్ను కోడలిగా ఎరిగినన్నాళ్ళూ ఆ మర్యాదకు ఒక అర్థం ఉండేది. ఈ రెండేళ్ళూ ఖాళీ కుర్చీకి దండం పెట్టినట్టే ఉంది. అయినా మానలేదు. నాలుక దానంతటదే పక్కకు తప్పుకుంటుంది.

రెండో మలుపులో ఉండగా పై నుంచి కేక వినిపించింది. మా తోడికోడలు మాపులే గొంతు. లోయలోకి కేక వేయడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చివరి అక్షరాన్ని లాగి వదలాలి. అవతలి గోడ దాన్ని తిరిగిచ్చేదాకా ఆగి, అప్పుడు రెండో మాట అందుకోవాలి. తొందరపడితే మాటలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దైపోతాయి.

"అక్కో...య్! మామ... ఇంట్లో లేడో...య్! ఎర్రావును... ఎతుక్కుంటా... లోయలోకి దిగినాడంటో...య్!"

ఆ ఎర్రావు చచ్చి డెబ్భై ఏళ్ళైంది. మామగారు చిన్నతనంలో ఈ లోయలో కాసిన ఆవు అది.

"ఏ దావనో...య్?" అని నేను అరిచాను.

"మేకల దావనో...య్! పైకొండన... మబ్బు కమ్మిందో...య్!"

మా లోయలో వాన పడక్కర్లేదు. పైకొండల్లో పడితే చాలు, రెండు గంటల్లో నది ఆడమనిషి ఎత్తు పెరుగుతుంది. మేకల దారి నేరుగా నదిలోకి దిగి, అవతల ఒక ఇసుకతిన్నె మీద ఆగిపోతుంది. అక్కడ నిలబడ్డవాళ్ళకు వెనక గోడ, ముందు నది. ఊళ్ళో మగవాళ్ళందరూ గొర్రెల ఉన్ని కత్తిరించడానికి కొండ అవతలికి పోయారు. నా మోకాలూ నేనూ మిగిలాం.

"నువ్వు పైకి పోమ్మా. ఈ పొద్దుకి నడక లేదు," అన్నాను సెయిపాతితో.

"ఆయనకు కాలో చెయ్యో విరిగితే మీరొక్కరే ఏం చేస్తారు? నేను నర్సుని. పదండక్కా."

వద్దనే ఓపిక కూడా లేకపోయింది. ఇద్దరం గబగబా దిగాం. నదిని రెండుసార్లు దాటాం, మోకాలి లోతున, ఎముకలు కొరికే చలిలో. లోయ ఆ రోజు ఎప్పటికన్నా అందంగా ఉంది. ఎండ అప్పుడే అడుగుదాకా దిగి, మడుగులు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. గోడల మీద పసుపు పూలు విరగబూశాయి. బండ మీద కోతులు బిడ్డలకు పేలు చూస్తున్నాయి. అదంతా చూస్తే నాకు ఒళ్ళు మండింది. వేరే రోజైతే ఇక్కడ ఆపి, "ఫొటోలు తీసుకోండి" అని, ఆ వంకన కూర్చునేదాన్ని.

ఇసుకతిన్నెకు ఇవతల బురదలో బూట్ల గుర్తులు కనిపించాయి. ఎడమది నా బూటు, కుడిది మా ఆయనది. మామగారు ఏది దొరికితే అది తొడుక్కుంటారు. గుర్తులు నదిలోకి పోయి ఆగాయి. అవతల తిన్నె, తిన్నె మీద మనిషిని మించిన రెల్లు, ఇంటిని మించిన బండలు. వాటి మధ్య ఎక్కడని వెతకాలి?

"మామా...!" అని అరిచాను. "పెద్దాయనా...!" అన్నాను. గోడలు అవే మాటలు తిరిగిచ్చాయి. ఇంకెవరూ పలకలేదు.

అప్పుడు తట్టింది. ఆయన ఇప్పుడు ఆవును వెతుక్కునే పన్నెండేళ్ళ పిల్లాడు. మామా అంటే ఎందుకు పలుకుతాడు?

"పేరు పెట్టి పిలుద్దాం. పేరేంటి?" అంది సెయిపాతి.

"నేనెట్ల చెప్పేదమ్మా?"

"సరే, నేనే చెబుతా. నీళ్ళు... మన భాషలో 'నీళ్ళల్లో' అంటే... మెత్సింగా?"

తల వంచుకున్నాను. ఆమెకు అర్థమైంది. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "మెత్సింగ్ గారూ! మెత్సింగ్ గారూ! మేమొచ్చాం, బయటికి రండి!" అని గుక్క తిప్పుకోకుండా అరిచింది. ఆస్పత్రి వరండాలో పిలిచే గొంతు అది. సగం నది మింగేసింది, మిగతా సగాన్ని గోడలు కలగాపులగం చేశాయి. మూడుసార్లు అరిచాక దగ్గు తెర పట్టుకుంది.

"నా వల్ల కాదక్కా. మీ కేక నాకు రాదు," అంది.

నేను నది వంక చూస్తున్నాను. ఆకుపచ్చ పోయి ఎర్రమట్టి రంగు వచ్చింది. నురగ వస్తోంది, నురగలో పుల్లలు వస్తున్నాయి. ఇందాక పైకి ఉన్న రాయి ఒకటి ఇప్పుడు లేదు.

ఆయన నన్ను ఎరగరు కదా, ఎరగని మనిషిని పేరు పెట్టి పిలిస్తే తప్పేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సాకు నాకే అతకలేదు. ఆయన నన్ను ఎరగకపోతే ఏం, నేను ఆయన్ని ఎరుగుదును. నా మొదటి బిడ్డ పోయినప్పుడు గుడిసె బయట మూడు రోజులు కదలకుండా కూర్చున్న మనిషి ఆయన. ఆయన్ని నలుగురిలో కొట్టడానికి నాకు చెయ్యి రాదు.

కానీ రాయి మునిగిపోయింది.

తల మీద గుడ్డ సరిచేసుకుని నోరు తెరిచాను. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి వచ్చింది, పద్ధతి ప్రకారం, చివరి అక్షరాన్ని లాగి. అవతలి గోడ ఆ పేరు పలికింది. పై మలుపు పలికింది. దిగువన పెద్ద ధార వైపు నుంచి మరోసారి వినిపించింది. ఇరవై ఆరేళ్ళు మింగినదంతా లోయలో తిరుగుతోంది. పైన మాపులే వినే ఉంటుంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

అంతా సద్దుమణిగింది. తరవాత రెల్లు కదిలింది.

"ఎవతే అది?"

పొద్దున గంజి దగ్గర వినే గొంతు కాదు. ఒకప్పుడు ఊరి పంచాయతీలో మగవాళ్ళ నోళ్ళు మూయించిన గొంతు. ముందు కర్ర బయటికొచ్చింది, దాని వెనక దుప్పటి, ఆ వెనక మామగారు, రెండు రకాల బూట్లతో.

"ఎవతే నన్ను పేరు పెట్టి అరిచేది? నా పేరు యాడ దొరికింది నీకు? నా ఇంటి కోడలివై ఉండి కొండంతా వినేటట్లు అరుస్తావా? సిగ్గు లేదా మాలినేయో!"

సెయిపాతి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, చాలా కోపంగా ఉన్నారు!"

మాలినేయో. పెళ్ళినాడు ఆయనే ఎంచి నాకు పెట్టిన పేరు. రెండేళ్ళయింది ఆయన నోట విని.

ఇద్దరం నడుం లోతున దిగి అవతలికి పోయాం. ఒక భుజం నేను, ఒక భుజం సెయిపాతి పట్టుకుని ఇవతలికి తెచ్చాం. మేకల దారిన మేం మొదటి మెరక ఎక్కేసరికి తిన్నె సగమైంది, రెండోది ఎక్కేసరికి రెల్లు కొసలే మిగిలాయి. ఆయన వెనక్కి చూడలేదు. తిట్టడంలో మునిగిపోయి ఉన్నారు. మా పుట్టింటివాళ్ళను తిట్టారు. నన్ను పెంచిన మా అమ్మను తిట్టారు. "మీ అత్త బతికుంటే నాలుక కోసి చేతిలో పెట్టుండు," అన్నారు. నా మోకాలు నిప్పులు కక్కుతోంది. ఒళ్ళంతా హూనమైంది. ఒక్క తిట్టు కూడా పోనివ్వకుండా విన్నాను.

చివరి ఎక్కుడు కింద ఆయన ఉన్నట్టుండి ఆగారు. నోరు కూడా ఆగింది. మళ్ళీ పోయానేమో, ఆయన తలలోంచి.

"ఏం మామా," అన్నాను రొప్పుతూ, "తిట్టేది ఆపేస్తిరే?"

ఆయన నా ముఖంలోకి చూశారు. కర్రతో పక్కనున్న బండను చూపించారు.

"ఆయాసపడ్తాండావు గదే. కూచో. నీ ఆయాసం తీరినాక మళ్ళా తిడతా."