ఎత్తకూడని రింగు

జోగులు పిసినారితనం ఆ దీవిలో, హోప్ టౌన్ జాలర్లందరికీ నవ్వులాట. ఎన్ని కాల్స్ చేసినా ఒకటే రీచార్జి నాన్నా అని కూతురు శ్రావణి మొత్తుకున్నా ఆయన మిస్డ్‌కాల్ మానలేదు. సముద్రంలో చేపల వేట ముగించుకుని ఇంటిదారి పట్టాక, ఫోనులో సిగ్నలు గీత కనబడగానే ఒక రింగిచ్చి కట్ చేస్తాడు. వచ్చేస్తున్నాను, ఎసరు పెట్టు అని దానర్థం. పెళ్ళాం గవరమ్మ దాన్ని ఎత్తకూడదు. ఎత్తిందా, ఇంటికొచ్చి రాత్రంతా గొణుగుతాడు.

ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి తిరిగింది. గవరమ్మ వాకిట్లోకొచ్చి సముద్రం వైపు చూస్తుండగా ఫోను మోగింది. జోగులే. అమ్మయ్య, గట్టెక్కాడు అనుకుంది. కానీ రింగు కట్ కాలేదు. మోగి మోగి తెగింది. మళ్ళీ మోగి, మళ్ళీ తెగింది. ఇవాళ మహానుభావుడికి ఆకలి దంచేస్తున్నట్టుందని నవ్వుకుని, బియ్యం కడిగి పొయ్యి మీద పడేసింది.

అన్నం చల్లారిపోయింది. డింగీ పడవలన్నీ ఒడ్డుకొచ్చాయి, జోగులుది తప్ప. గవరమ్మ ఫోను చేస్తే, మీరు పిలిచినవారు కవరేజిలో లేరని ఒకావిడ హిందీలో తీరిగ్గా చెబుతోంది.

మరిది అప్పలకొండ రొప్పుకుంటూ వచ్చాడు.

"ఇంజను ఆగిపోనాదేమో వదినా. ఈ గాలికి డింగీ లోపలికి కొట్టుకుపోతాది. టవరు సిగ్నలు సముద్రంలోకి కొంత దూరమే కదా. ఆ అంచున అల మీదికెక్కితే గీత వత్తాది, కిందకి దిగితే పోతాది. ఒక్క ఫోను కలిస్తే అదృష్టం."

ఆ అదృష్టం జోగులుకి రెండుసార్లు దొరికింది. రెండుసార్లూ గవరమ్మ చేతిలోనే మోగింది. చేజేతులా మొగుణ్ణి నీళ్ళలో వదిలేశాననిపించి నోట్లో కొంగు కుక్కుకుంది.

శ్రావణి కోస్ట్‌గార్డ్‌కి ఫోను కలిపి, జరిగింది చెప్పి, తల్లి చెవి దగ్గర పెట్టింది. అవతలి గొంతు మెత్తగా ఉంది.

"ఫోన్ ఆయా థా న, మాతాజీ? క్యా బోలా? కిధర్ హై?"

ఆయన ఏం చెప్పాడో, ఎటువైపున్నాడో తెలిస్తే బోటు అటే పంపుతారట. అన్ని భాషలవాళ్ళూ ఉన్న దీవిలో పుట్టినప్పటినుంచీ మాట్లాడిన హిందీ, ఆ క్షణాన గవరమ్మకు ఒక్క ముక్క రాలేదు.

"నాను ఎత్తనేదు భయ్యా," అంది.

ఆ తెలుగు అతనికి అర్థం కాలేదు. ఈసారి ఇంకా నెమ్మదిగా, మళ్ళీ అదే అడిగాడు.