ఫ్లాస్కు అడుగున అక్షరాలు

1979లో మా పేట రీడింగ్ రూములో పెద్దవాళ్ళకి సాయంకాలం బడి పెట్టదలిచారు. టీచరును ఎంచే పని ముగ్గురి మీద పడింది: రిటైర్డ్ హెడ్మాస్టరు సోమసుందరం గారు, ప్లీడరు నారాయణమూర్తి గారు, నేను. ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితే చాలు.

వచ్చిన మనిషి ఒక్కతే, తలుపులమ్మ. పదిహేనేళ్ళ కిందట రంగూన్ నుంచి ఓడలో తిరిగొచ్చిన కుటుంబం. ఎనామిల్ గిన్నెలు గంపకెత్తుకుని కొయ్యూరు దాకా సంతలన్నీ తిరిగి అమ్ముతుంది. ఈ పని దొరికితే ఆ గంప దిగుతుంది. నేను చెప్పిన డిక్టేషన్ ఒక్క తప్పు లేకుండా రాసింది. ఎండ నా కళ్ళలో పడుతోందని, ఎవరూ చెప్పకుండానే కిటికీ రెక్క మూసి కూర్చుంది. మా ఇంట్లో ఆ పని చేసే మనిషి పోయి నాలుగేళ్ళు.

"ఇంకేం భాషలు వచ్చు?" అన్నారు సోమసుందరం గారు.

"బర్మా మాట వస్తాది బాబూ. రంగూన్లో సీనా షాపులో పదేళ్ళు పన్జేసేను. ఓ మూడొందల సీనా అచ్చరాలు గుర్తు పడతాను."

సోమసుందరం గారు పగలబడి నవ్వారు. ఆయనకు తెలియని విషయం లేదు, సరిగ్గా తెలిసిన విషయమూ లేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలెవరూ ఎదురు చెప్పకపోతే అదే పాండిత్యం అనుకున్నారు.

"చైనా వాడివి అక్షరాలేమిటి! బొమ్మలు. చెట్టుకో బొమ్మ, పిట్టకో బొమ్మ. నలభై వేలు! అవి నేర్చేసరికి మనిషి కాటికి పోతాడు. అందుకే ఆ దేశంలో చదువుకున్నవాడే ఉండడు."

"మరి మీ ముందున్న ఫ్లాస్కు?" అన్నాను. విశాఖలో కొన్న ఎర్రపూల చైనా ఫ్లాస్కు అది. అందులో టీ ఆయనకే, మాకు పొయ్యరు.

"ఎగుమతి సరుకండీ. మిషన్లోంచి ఊడిపడుతుంది. దాని మీద ఏముందో చేసినవాడికే తెలీదు. లేకపోతే అంత చవగ్గా ఎలా వస్తుంది?"

పొద్దుట పోయించుకున్న టీని మధ్యాహ్నం మూడింటికి ఊదుకుని తాగుతూ అన్న మాట ఇది.

తలుపులమ్మ లేచి వచ్చి ఫ్లాస్కు అడుగు చూసింది. "వేడినీళ్ళ సీసా అని రాసేరు. ఇదిగో, ఈ కింద నాలుగు సుక్కలు నిప్పు బాబూ."

"చూశారా! బొమ్మలే!"

"అన్నీ అలా కాదండీ. సీసా అన్నదాన్లో కుడిపక్క ముక్క మట్టిపాత్ర జాతని సెప్తాది. ఎడం ముక్క ఎలా పలకాలో సెప్తాది. సానా అచ్చరాలు అలాగే కడతారు. షావుకారు మాట ఆయన పెళ్ళానికే తెలిసేది కాదు, ఆవిడది వేరే జిల్లా. కాయితం మీద రాస్తే మాత్రం తెలిసేది. ఆళ్ళ పిల్లకి పన్నెండేళ్ళు, పేపరు గడగడా సదివేసేది. మీరు సెప్పిన నలభై వేలూ దానికి అక్కర్నేదు."

"చాల్లే! నువ్వు చెప్పింది నిజమని తేల్చేవాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు?"

"మీకు తెలవకపోతే అబద్దమేనేటి బాబూ?"

సోమసుందరం గారు కాగితం తీశారు. "అబద్ధాలకోరు అని రాస్తున్నాను. తగిన మనిషి దొరకలేదని బడి కూడా ఎత్తించేద్దాం," అని, పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటూ రాయసాగారు. తలుపులమ్మ నా వైపు చూసింది. బతిమాలలేదు.

నేను ఇంకో కాగితం మీద రెండే వాక్యాలు రాశాను: ఈమెకు తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చునని పరీక్షించాం. ఈమెను టీచరుగా తీసుకోవచ్చు. సంతకం చేసి, కునికిపాట్లు పడుతున్న ప్లీడరు గారి ముందుకు జరిపాను. ఆయన అరమోడ్పు కళ్ళతో అందుకుని, కింద సంతకం గీకి నాకే తిరిగి ఇచ్చారు.

సోమసుందరం గారు తలెత్తేసరికి పని అయిపోయింది. "ప్లీడరు గారూ! చదవకుండా పెట్టేశారేమిటండీ?"

"మీ కాగితాల మీదా అలాగే పెడుతున్నాను కదండీ, ఎన్నేళ్ళబట్టో," అన్నారాయన ఆవులిస్తూ. "చదివితే పెట్టబుద్ధి కాదు."

తలుపులమ్మ కొంగు సర్దుకుంది. "రేపు ఎన్నింటికి రమ్మంటారు బాబూ?"

"ఆరింటికి," అన్నాను.