ఎవరేం చేశారో చెప్పండి

మిరపచేలో పురుగుమందు కొడుతూ పడిపోయిన యలమందను ఆటోలో మా ఆసుపత్రికి తెచ్చారు. ఇంజెక్షన్లు పడ్డాక నోటి నురగ తగ్గింది. వెంటనే డాక్టర్ మాధురి గారు మమ్మల్ని పక్కగదిలో కూర్చోమన్నారు.

నాకు ఒళ్లు మండింది. పందొమ్మిదేళ్లుగా నర్సు పని చేస్తున్నాను. పెద్ద కేసు వచ్చిన ప్రతిసారీ ఈవిడది ఇదే వరస. "ఎవరేం చేశారో చెప్పండి. తప్పెవరిదని అడగను." అడగనప్పుడు ఈ పంచాయితీ ఎందుకట?

మూడు నెలల కిందట చేరిన అర్ఫా ముందు నోరు విప్పింది. "రెండుసార్లు గుచ్చానండి, నరం దొరకలేదు."

"మూడోసారి నేను పెట్టాల్సొచ్చింది," అన్నాను గట్టిగా. ఆ పిల్ల తల దించుకుంది. డాక్టర్ గారు రాసుకున్నారంతే.

తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ ఆయా బసవమ్మను అడిగారు. ఆయా ఏం చెబుతుందని నాకు నవ్వొచ్చింది.

"నేనేం చేశానమ్మా... చొక్కా, పంచె తీసి కవర్లో కట్టా. సబ్బుతో ఒళ్లు కడిగా. మెడ కింద ఎత్తు కావాలని నజ్మీన్ సిస్టర్ గారంటే, ఆయన తువ్వాలే అందిచ్చా. మడతేసి ఆవిడే పెట్టారు," అంటూ నన్ను చూపించింది.

డాక్టర్ గారి పెన్ను ఆగింది. "చేలో తలకి చుట్టుకున్న తువ్వాలా?"

"అవునమ్మా."

కొట్టిన మందు ఆ తువ్వాలుకీ పట్టే ఉంటుందని నాకు తట్టింది. అప్పుడే వార్డులోంచి అతని భార్య కోటేశ్వరి అరిచింది. "అమ్మా, మళ్లీ నురగ కక్కుతున్నాడు!"

పరుగెత్తాం. కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. తువ్వాలు లాగేశాను. మెడ వెనక చర్మం ఎర్రగా ఉంది. మేం కడిగిన ఒంటికి నేనే మళ్లీ విషం పూసినట్టయింది. యా అల్లా, ఈ మనిషిని నేనే చంపుతున్నానా? బసవమ్మ జుట్టూ మెడా కడిగింది. అర్ఫా ఇంజెక్షన్ నింపి ఇచ్చింది, నా వల్ల కాకపోతే తనే ఎక్కించింది.

ముప్పావుగంటకి ఊపిరి కుదుటపడింది. కోటేశ్వరి నా చేతులు పట్టుకుని దండం పెట్టింది. ఆ దండం భరించలేకపోయాను.

మళ్లీ పక్కగదికి వెళ్లాం. ఎవరూ నా వైపు చూడటం లేదు. బసవమ్మకు కుర్చీ జరిపాను.

"ముందు నేను చెప్తానండి," అన్నాను. "తువ్వాలు నేనే పెట్టాను. చేతికి తడి తగిలింది. చెమటేలే అనుకుని పెట్టాను."