వాలిన ఇటుకలు

రాళ్ల పటంలో గీసిన ఇటుకల వరుసలో నిలువు గీతలు నిటారుగా ఉంటే సున్నపురాయి. అవే గీతలు పక్కకి వాలితే డోలమైట్. చుక్కలైతే ఇసుకరాయి, తెగిన అడ్డగీతలైతే షేల్ అనే బురదరాయి. మా ఆఫీసులో కాఫీ పెట్టడం రానివాళ్లున్నారు గానీ ఈ నాలుగు గుర్తులూ తెలియనివాళ్లు లేరు. అలాంటి చోట మా పెద్ద జియాలజిస్టు ఎల్డన్ రుస్టాడ్ సున్నపురాయికీ డోలమైట్‌కీ తేడా మర్చిపోయాడని అందరూ నమ్మారు. నమ్మించింది నేను. దీన్ని పశ్చాత్తాపం అనుకుంటే మీ ఇష్టం, నేను మాత్రం జరిగింది చెబుతున్నాను.

నా పేరు ఆర్లిస్ వోపాట్. స్టెంటన్ బ్లఫ్స్‌లో నది ఒడ్డున, భూగర్భ పటాలు తయారుచేసే చిన్న కంపెనీలో పందొమ్మిదేళ్లుగా బొమ్మలు గీస్తున్నాను. నేలని నిలువునా కోస్తే లోపల ఏ రాయి మీద ఏ రాయి ఉంటుందో చూపించే బొమ్మలు. జియాలజిస్టులు పెన్సిల్‌తో గీసి తెస్తారు. నేను కంప్యూటర్లో గీతలు కట్టి, ఒక్కో పొరలో ఒక్కో రాతి ప్యాటర్న్ నింపుతాను. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన ప్యాటర్న్‌లు దరిద్రంగా ఉండేవి. అందుకని నలభై మూడు ప్యాటర్న్‌లు నేనే తయారుచేశాను. చిన్న చదరంలో గీసింది పొరంతా పరుచుకోవాలి. చదరం కుడి అంచున సగం తెగిన చుక్క, ఎడమ అంచున మిగతా సగంతో మొదలవ్వాలి. వెంట్రుకవాసి తప్పినా పొరంతా అతుకులు బయటపడతాయి. ఒక్క గులకరాళ్ల ప్యాటర్న్‌కే ఆదివారాలతో కలిపి మూడు వారాలు పట్టింది. నా ప్యాటర్న్‌లలో అతుకు కనిపెట్టిన మనిషి ఇంతవరకూ లేడు.

ఎల్డన్ నన్ను రంగులమ్మాయ్ అని పిలిచేవాడు. అతనికి డెబ్బై ఒకటి, నాకు నలభై ఎనిమిది. క్వారీల వాళ్లెవరైనా ఆఫీసు చూడ్డానికొస్తే, నా కుర్చీ వెనక నిలబెట్టి చెప్పేవాడు.

“ఈవిడ మా రంగులమ్మాయ్. రాయికీ బంగాళాదుంపకీ తేడా తెలీదు గానీ, గీత దాటకుండా నింపుద్ది.”

వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. పందొమ్మిదేళ్లు అలా నవ్వడం వల్ల నా దవడలు అరిగిపోయాయి.

టామరాక్ కౌంటీ దక్షిణ భాగం పటాల పుస్తకం మొదటి పేజీలో మా యజమానురాలు మార్నీ క్లైన్ నా పేరు వేయించింది. ‘రాతి ప్యాటర్న్‌లు: ఆర్లిస్ వోపాట్’ అని చిన్న అక్షరాల్లో ఒక్క వరుస. ప్రూఫు చూడ్డానికి ఎల్డన్ దగ్గరకి వెళ్లిన కాగితం ఆ వరుస మీద ఎర్ర పెన్సిల్ గీతతో తిరిగొచ్చింది. ఎందుకు కొట్టేశారని అడిగాను.

“గోడకి రంగేసినోడి పేరు ఇంటి మీద రాస్తామా అమ్మాయ్?” అన్నాడు, నా వైపు చూడకుండానే.

కోపంగా అనలేదు. అదే నాకు మండింది. కోపంతో అన్న మాటైతే మరునాటికి చల్లారేది.

అయినా మనిషి చెడ్డవాడని చెప్పను. వేసవిలో రూబార్బ్ కాడలతో తీపి బార్లు చేసి తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. సున్నపురాయి మీద యాసిడ్ చుక్క వేసి, నురగ పొంగుతుంటే రాయిని చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. సున్నపురాయైతే సుయ్‌మని పొంగుతుంది, డోలమైట్ పలకదు. “ఇదిగో, విను, మాట్లాడుతోంది,” అని ఒకసారి నా చెవి దగ్గర కూడా పెట్టాడు. ఆ రోజు అతనంటే నాకు ఇష్టం కలిగింది. ఆ ఇష్టం ఎప్పుడు పోయిందో చెప్పలేను.

ఒకరోజు మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ వాళ్లన్న లైల్ గురించి చెప్పాడు. పాల డైరీ నడిపిన మనిషి. ఒక ఉదయం పశువుల కొట్టంలో నిలబడి, ఈ ఆవులెవరివి అని అడిగాడట. అక్కణ్ణుంచి మూడేళ్లలో భార్యని కూడా గుర్తుపట్టలేదట.

“నాకు చావంటే భయం లేదమ్మాయ్. అదంటేనే భయం,” అన్నాడు ఎల్డన్. “నేను రాళ్ల పేర్లు మర్చిపోయిన రోజున మొహమాటపడకుండా చెప్పు. ఈలోపు కౌంటీ ఉత్తరం వైపు పటం, ఆ ఉత్తరం షీటు పూర్తిచేసుకుంటా. ఇంకో రెండేళ్లు చాలు.”

టామరాక్ కౌంటీ ఉత్తర భాగం పటం అతని ప్రాణం. ఇరవై రెండేళ్లుగా ప్రతి వాగూ, ప్రతి గట్టూ కాలినడకన తిరిగి గీస్తున్నాడు. మూడో వంతు మిగిలింది. దాన్ని వేరేవాడి చేతికివ్వాల్సి రావడం కంటే నదిలో దూకడం నయమని అందరితో అనేవాడు.

ఇక అసలు సంగతి. దక్షిణ భాగం పుస్తకం అచ్చుకి వెళ్లే వారం, ఎల్డన్ నా బొమ్మ మీద ఎర్ర పెన్సిల్‌తో ‘పగులు వాలు చాలదు’ అని రాశాడు. నేలలో పెద్ద పగులొకటి ఉంది. రాతి పొరల చివరలు దానికి ఆనుకునేలా పక్కకి ఒరగాలి. ఏముంది, పొరలన్నీ పట్టుకుని షియర్ టూల్‌తో పక్కకి వాల్చాను. ఆ టూల్ పెట్టెలో ‘ప్యాటర్న్‌లు కూడా’ అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్ ఉంటే పొర అంచులతో పాటు లోపల నింపిన ప్యాటర్న్ కూడా వాలుతుంది. అంతకుముందు పూట ఇంకో పనికోసం నేనే టిక్ పెట్టి, తియ్యడం మర్చిపోయాను. చుక్కలు వాలినా చుక్కలే. షేల్ గీతలు వాలినా తేడా తెలియదు. ఇటుకలు మాత్రం వాలిపోయాయి. వంద అడుగుల మందం సున్నపురాయి ఒక్క నొక్కుతో డోలమైట్ అయిపోయింది. నేను చూసుకోలేదు. ఎల్డన్ కాగితాన్ని ముక్కుకి ఆనించి చూసి, సంతకం పెట్టేశాడు. అతని కళ్లకి శుక్లాలు ముదిరాయనీ, ఆపరేషన్ తేదీ కూడా తీసుకున్నాడనీ మాకెవరికీ అప్పటికి తెలియదు.

ఫిబ్రవరిలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు ఫోన్ చేశారు. మీ పుస్తకంలో సిమెంటుకి పనికిరాని డోలమైట్ అని ఉన్నచోట మేం బోరు వేస్తే మేలైన సున్నపురాయి పడింది, ఏంటిది అని అడిగారు. మార్నీ ముఖం పాలిపోయింది. నేను నా బల్ల దగ్గరకెళ్లి అచ్చుకి పంపిన ఫైలు తెరిచి, ఆ పొర మీద నొక్కాను. నింపిన ప్యాటర్న్ పేరు ‘సున్నపురాయి’ అనే చూపించింది. పేరు సరిగ్గానే ఉంది, బొమ్మే వాలింది. తప్పు నాది. ఆ మాట మార్నీ గదిలోకి వెళ్లి చెప్పడానికి పది అడుగులు వెయ్యాలి. లేచాను కూడా.

లోపల మార్నీ ఎవరితోనో మెల్లగా అంటోంది. “సంతకం ఆయనదే. పోయిన నెల మీటింగు రెండుసార్లు మర్చిపోయారు. ఆయనకి వాళ్లన్న జబ్బే వస్తోందేమో.”

నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను. రంగులమ్మాయ్ ఎందుకు నోరు విప్పాలి? రాయికీ బంగాళాదుంపకీ తేడా తెలియనిదానికి ఇటుకలు నిటారుగా ఉన్నాయో వాలి ఉన్నాయో ఏం తెలుస్తుంది? అలా అనుకున్నాను. అనుకున్నప్పుడు ఒళ్లంతా హాయిగా ఉంది. అబద్ధం చెప్పను.

సోమవారం మీటింగు పెట్టారు. ఎల్డన్ ఎడమ కంటికి ఆపరేషన్ కట్టుతో వచ్చాడు. మార్నీ పుస్తకం తెరిచి ముందు పెట్టింది. అతను రెండో కన్ను చిట్లించి చాలాసేపు చూశాడు.

“ఇది నేను గీసింది కాదు,” అన్నాడు.

“సంతకం మీదే కదా ఎల్డన్,” అంది మార్నీ.

“సంతకం నాదే. ఇటుకలు నావి కాదు. అది సున్నపురాయని నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. నా పెన్సిల్ బొమ్మ తెప్పించు, చూద్దాం. అమ్మాయ్ దగ్గరుంటుంది.”

అందరూ నా వైపు తిరిగారు. ఆ కాగితం నా బల్ల రెండో సొరుగులో, స్టీలు స్కేలు కింద ఉంది. ఇటుకలన్నీ నిటారుగా, అతని వంకర చేతిరాతలో పక్కన ‘సున్నపురాయి’ అని కూడా రాసి ఉంది.

“మీరే పట్టుకెళ్లారు కదా,” అన్నాను. “ఆపరేషన్‌కి ముందురోజు. ఇంటి దగ్గర ఓసారి చూసుకుంటానన్నారు.”

“నేనా?”

“గుర్తులేదా?”

ఆ చివరి మాట అనకపోయినా పని జరిగేది. కావాలనే అన్నాను. అతను బల్ల మీదున్న చేతిని కిందకి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“పోనీ, కంప్యూటర్ వల్ల ఏమైనా జరిగిందేమో,” అని మార్నీ నన్ను అడిగింది. పాపం, ఆవిడ ముసలాయనకి దారి వెతుకుతోంది.

“కంప్యూటర్ దానంతటది రాయి మార్చదు మార్నీ. నేను ఏది ఇస్తే అది నింపుతాను. ఆయనే చెబుతారుగా, గీత దాటకుండా నింపుతానని.”

ఎవరూ నవ్వలేదు. మార్నీ గొంతు తగ్గించి, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి, ఉత్తరం షీటు కుర్రవాళ్లు చూసుకుంటారు, ఒకసారి డాక్టరుకి చూపించుకోండి అంది. ఎల్డన్ వాదించలేదు. వాదిస్తాడనీ, అరుస్తాడనీ, నాలుగు తిడితే నాకు ఇంకొంచెం తేలికవుతుందనీ అనుకున్నాను. తల ఊపి, కోటు చెయ్యి కోసం రెండుసార్లు వెతుక్కుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం పెన్సిల్ కాగితాన్ని ముక్కలుచేసే మిషన్లో వేశాను.

శుక్రవారం మధ్యాహ్నం సామాన్లు తీసుకెళ్లడానికి వచ్చాడు. అందరూ చేపల వేపుడు తినడానికి క్లబ్బుకి పోయారు. నేనొక్కదాన్నే ఉన్నాను. అతను పెట్టె సర్దుకోలేదు. ఒక రాయి, యాసిడ్ సీసా పట్టుకుని వచ్చి నా బల్ల ఎదురుగా కూర్చున్నాడు.

“డాక్టరు చూశాడమ్మాయ్. బుర్రలో ఇంకా ఏం కనబడట్లేదన్నాడు. మొదట్లో కనబడదులే. లైల్‌కీ మొదట అలాగే చెప్పారు.” రాయిని వేళ్లతో తడిమాడు. “ఇది నా డబ్బాలోంచి చీటీ చూడకుండా తీశా. ఒట్టి చేత్తో పట్టుకుని చెబుతున్నా, ఇది సున్నపురాయి. యాసిడ్‌కి పొంగిందనుకో, నా బుర్ర బానే ఉన్నట్టు. అప్పుడు సోమవారం మార్నీ దగ్గరకెళ్లి, అచ్చుకి పంపిన ఫైలు తెరిచి చూపించమంటా. పొంగలేదనుకో, ఇంక ఉత్తరం షీటు మాటెత్తను.”

“నన్నెందుకు అడగడం? మీరే చూసుకోవచ్చుగా.”

“కట్టు తీశారు గానీ ఈ కంటికి ఇంకా మసకే. రెండోది సరేసరి. చూశానని నేననుకున్నది నిజంగా చూశానో లేదో నాకు నమ్మకం పోయింది. నువ్వు చూసి చెప్పు. నువ్వు మొహమాటపడవు.”

డ్రాపర్‌తో ఒక్క చుక్క వేశాడు. చుక్క సరిగ్గా మధ్యలో పడింది. వెంటనే తెల్లటి నురగ లేచింది. బుడగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ రాయి అంచు దాకా పాకాయి. అంత బాగా పొంగే రాయిని నేను ఎక్కువసార్లు చూడలేదు.

“పొంగుతోందా?”

ఆ ఫైల్లో పొర మీద నొక్కితే ప్యాటర్న్ పేరు బయటపడుతుంది. ఆ ప్యాటర్న్ ఎవరు వాల్చారో కూడా బయటపడుతుంది. నేను అది ఆలోచించే అన్నాను.

“లేదు.”

అతను రాయిని ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నాక్కూడా వినబడుతోంది, సుయ్‌మని, బల్లకి ఇవతలి దాకా.

“నాకేదో వినిపిస్తున్నట్టుందే,” అన్నాడు.

“అది హీటర్,” అన్నాను.

అతను హీటర్ వైపు తల తిప్పి విన్నాడు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి నురగంతా తుడిచేశాడు. చొక్కా జేబులో ఉండే ఎర్ర పెన్సిల్ తీసి, రాయికి అంటించిన చీటీని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, దాని మీద తను రాసుకున్న ‘సున్నపురాయి’ని కొట్టేసి, పక్కన ‘డోలమైట్’ అని రాశాడు. పెన్సిల్‌ని నా బల్ల మీద పెట్టాడు.

“ఇంక ఇది నాకెందుకు, ఉంచుకో,” అన్నాడు. “నిజం చెప్పావ్. మిగతావాళ్లంతా నా మీద జాలిపడుతున్నారు. నీకు రుణపడి ఉన్నా, ఆర్లిస్.”

పందొమ్మిదేళ్లలో నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అతను తలుపు దాటాక నేను కంప్యూటర్ వైపు తిరిగి, ‘ప్యాటర్న్‌లు కూడా’ గడిలో టిక్ తీసేసి, ఇటుకలు నిలబెట్టాను. రెండో అచ్చులో మొదటి పేజీలో నా పేరుంది.