పాత్రలు అద్దెకు ఇవ్వబడును

ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేశాక తల్లీకూతుళ్ళిద్దరూ గుండిగలు కడిగేవాళ్ళు. తల్లి పీచుతో లోపల తోమేది. కూతురు మూతలు తుడిచి, దేని మూత దానికి పెట్టేది. చూడక్కర్లేదు, చేత్తో తడిమితే చాలు, ఏ మూత ఏ గిన్నెదో ఆ పిల్లకి తెలిసిపోయేది. అందుకే వీధి వీధంతా ఆమెని మూతలమ్మాయి అనేవారు. ఆ పేరంటే ఆమెకి ఒళ్ళుమంట. కానీ తడి గుండిగ అడుగున కిటికీ వెలుగు గుండ్రంగా ఊగుతుంటే మాత్రం, పగలే చందమామ జారి పడిందనుకుని పని మరిచిపోయి చూస్తుండిపోయేది.

"ఏమే, గిన్నెలో నిధి దొరికిందా?" అనేది తల్లి.

"ఏం లేదమ్మా."

"ఏమీ లేకపోతే తుడువు."

కొట్టు మీద బోర్డు ఉండేది: 'ఇచ్చట పాత్రలు అద్దెకు ఇవ్వబడును.' కొన్నేళ్ళ కిందట ఆ బోర్డు చూసే నాటకాల మాస్టారు గుమ్మం ఎక్కి, "అమ్మా, మాకో ముసలి తండ్రి, ఒక పోలీసు, ఒక పెంకి కోడలు కావాలి. దొరుకుతారా?" అని అడిగారు.

తల్లి తలెత్తకుండానే, "మూతతోనా, మూత లేకుండానా?" అంది.

తమాషాకి అడిగానని మాస్టారు ఇప్పటికీ అంటారు. ఆయన మొహం చూసినవాళ్ళు మాత్రం ఒప్పుకోరు. ఏమైతేనేం, నాటకాలు చదువుకోవడానికి చోటు లేక చెట్టుకొకరూ పుట్టకొకరూ తిరుగుతున్న ఆ నాటకాల బృందానికి ఆ రోజే గూడు దొరికింది.

అప్పట్నించి ప్రతి ఆదివారం సాయంత్రం ఆ కొట్లో కొత్తగా రాసిన నాటకాలు చదివేవారు. లిఫ్టులో ఇరుక్కుపోయిన ఇద్దరు పగవాళ్ళ కథ ఒకటి, ఫోను పోగొట్టుకుని సొంత ఇల్లు మరిచిపోయిన పెద్దమనిషి కథ ఒకటి. అన్నీ నిన్నా మొన్నా సిరా ఆరినవే. రంగు పూసుకోవడం లేదు, తెర లేదు. కాగితాలు పట్టుకుని పైకి చదవడమే. వీధిలోవాళ్ళు బోర్లించిన గంగాళాల మీద కూర్చుని వినేవారు.

చదివేవాళ్ళ ముందు తలా ఒక గుండిగ ఉండేది. ఎవరి పాత్ర వాళ్ళకి. ఆఖరి మాట అవగానే మూతలమ్మాయి మూతలు పెట్టేసేది. సోమవారం పొద్దున తీసి చూస్తే, పస ఉన్న మాట చదివినవాళ్ళ గొంతుతోనే గిన్నెలోంచి మళ్ళీ వినపడేది. పస లేకపోతే ఖాళీ గిన్నె. అంతే. తల్లి బెంగల్లా అద్దెకిచ్చేలోపు వాటిని ఖాళీ చెయ్యడం గురించే. ఎండలో మూత తీసి పెడితే ఎంత గొప్ప మాటైనా ఆవిరైపోయేది. ఒకసారి మరిచిపోయి ఓ పెళ్ళికి పంపేశారు. వంటాయన మూత తియ్యగానే "హంతకుడివి నువ్వే!" అని గుండిగ గద్దించింది. వంటాయన గరిటె వదిలేశాడు. పెళ్ళికొడుకు మేనమామ ఎందుకో పెరటి గోడ దూకి పారిపోయాడు.

ఇన్ని వినగా వినగా మూతలమ్మాయి కూడా ఒక నాటకం రాసింది. తల్లి కొట్లో పనిచేసే పిల్ల, ఊరు వదిలి నగరానికి పోవాలనుకునే కథ. కొట్టుని మాత్రం బట్టల కొట్టు చేసింది. ఎవరిని మభ్యపెడదామనో!

ఆ నాటకాన్ని రెండుసార్లు చదివారు. రెండుసార్లూ కూతురి గిన్నె పలికింది, బస్సు కండక్టరు గిన్నె పలికింది. తల్లి గిన్నె మూగనోము పట్టింది. పాపం, ఎప్పుడూ తల్లి పాత్రలు చదివే నర్సక్క కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చదివింది.

"ఒక్క పాత్ర ఖాళీ అయినా నాటకం కుంటిదేనమ్మా," అన్నారు మాస్టారు. "వచ్చే సోమవారం సాయంత్రం బస్సుకి నేను నగరం వెళ్తున్నాను. అక్కడి నాటక సంఘం వాళ్ళు ఒక నాటకాన్నీ, రాసినవాళ్ళనీ తీసుకురమ్మన్నారు. ఏడాదిపాటు వాళ్ళతో ఉండి రాయాలి. ఈలోగా ఆ గిన్నె పలికితే నువ్వే రా. లేదంటే లిఫ్టు నాటకం ఉండనే ఉంది."

"మళ్ళీ రాస్తాను."

"వారంలోనా?"

"రాస్తాను మాస్టారూ. ఆ లిఫ్టుని అక్కడే ఇరుక్కుని ఉండమనండి."

తల్లి ఈ మాటలన్నీ వింటూనే ఉంది. "నగరమా? మరి మూతలెవరు చూస్తారే? నా కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి," అంది. దీపాలు పెట్టగానే లోపలి గడియ వేసేసింది. అది ఆమె అలవాటు. గడియ పడ్డాక దేవుడొచ్చి తలుపు తట్టినా రేపు రమ్మనే మనిషి. ఓసారి పక్కూళ్ళో నాటకం ఆలస్యమై కూతురు పదింటికి వస్తే, చెడామడా తిట్టి గానీ తియ్యలేదు.

వారమంతా మూతలమ్మాయి కొట్టేసి రాసింది, రాసి కొట్టేసింది. శనివారం నాటికి తల్లి నోట ఒక మాట పెట్టింది. 'వెళ్ళు తల్లీ, నీ కలలే నా కన్నులు.' రాస్తూ తనే ఏడ్చింది. ఈసారి పలకకపోతే గిన్నెకే చెవుడనుకుంది.

తీరా ఆదివారం, ఆసుపత్రిలో రెండో డ్యూటీ పడిందని నర్సక్క కబురు పంపింది. మిగిలిన వాళ్ళందరి చేతుల్లోనూ తలో పాత్ర ఉంది. మాస్టారు అటూ ఇటూ చూసి, మూల కూర్చుని గుండిగ తోముతున్న తల్లి దగ్గర ఆగారు.

"మీరు చదవండమ్మా."

"నాకు చదువెక్కడిదండీ? కూడబలుక్కోవాలి."

"కూడబలుక్కోండి. మాకేం తొందర లేదు."

చేతిలో పీచు పట్టుకునే, తోముతున్న గుండిగలోకి వంగి, ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆఖరిదాకా వచ్చింది. "వె... ళ్ళు త... ల్లీ. నీ కలలే నా క... న్ను... లు." ఆగింది. "ఇదేంటే?"

"అమ్మా! మధ్యలో ఆపకూడదు."

"ఏ తల్లంటుందే ఇలాగ? నా కళ్ళలో మందే సరిగ్గా పడి చావదు, ఇంక నీ కలలు కూడానా?"

గంగాళాల మీదవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. మూతలమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. "సరే, నువ్వైతే ఏమంటావు?" అంది, రోషంగా.

తల్లి కూతురి వైపు చూడలేదు. గుండిగలోకే చూస్తూ కాసేపు పీచుతో రుద్దింది.

"తాళంచెవి పట్టుకుపో," అంది. "ఏ వేళకొచ్చినా నేను లేచి తలుపు తియ్యను. నువ్వే తీసుకుని రా."

ఎవరూ నవ్వలేదు. మూతలమ్మాయి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆ గిన్నె మూత ఎక్కడ పెట్టిందో వెతుక్కుంది.

సోమవారం లేచి చూస్తే గుండిగ దాని చోట లేదు. పెరట్లో, పొద్దుటి ఎండలో, మూత లేకుండా, నీళ్ళోడుతూ ఉంది. పక్కనే తల్లి అటు తిరిగి కూర్చుని ఉంది.

"కడిగావా?"

"మాసింది."

"ఎండలో కూడా పెట్టావా?"

తల్లి చేతిలో పీచు పిండింది. పిల్ల గోడకి ఆనించిన మూత తెచ్చి బిగించి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండిగని రెండు చేతులా ఎత్తుకుని కొట్లోకి నడిచింది. గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నారు. తడి గిన్నె చూసి ఆయన మొహం వాడిపోయింది.

"ఎందుకమ్మా ఇంక, వదిలెయ్."

"మూత తియ్యకుండా వదలను," అంది. తీసింది.

"తాళంచెవి పట్టుకుపో. ఏ వేళకొచ్చినా నేను లేచి తలుపు తియ్యను. నువ్వే తీసుకుని రా."

తల్లి గొంతే. వెనకాల పీచు రుద్దిన చప్పుడు కూడా అలాగే ఉంది.

పెరటి గుమ్మంలోంచి తల్లి, "ఎన్నిసార్లు తోమినా పోలేదు, పాడు గిన్నె," అంది. చీర చెంగుతో చేతులు తుడుచుకుని, బొడ్లో గుత్తి తీసి, గోళ్ళతో పెనుగులాడి ఒక తాళంచెవి ఊడదీసింది. దాన్ని కూతురి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసేసింది. "అన్నమాట అన్నాను. ఏం చేస్తాం? మూతలకి నంబర్లు వేసి మరీ పో."

బస్సు వేళదాకా మూతలమ్మాయి ఎర్ర రంగుతో నంబర్లు వేస్తూనే ఉంది. ఆ ఒక్క గుండిగకి మాత్రం తల్లి వెయ్యనివ్వలేదు. అది అద్దెకు పోదంది.

కొన్ని నెలలకి, మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు, బస్సు తెల్లవారకముందే దింపేసింది. గుమ్మం ముందు తాళంచెవి పట్టుకుని నిలబడ్డాక గానీ ఆమెకి తట్టలేదు. లోపల గడియ వేసి ఉంటే ఈ చెవి దేనికి?

అయినా తిప్పింది. తోసింది. తలుపు తెరుచుకుంది.

గడియని గుడ్డపీలికతో గోడ మేకుకి కట్టేసి ఉంది, చెయ్యి అలవాటు కొద్దీ పోయినా పడకుండా. తల్లి మంచం పక్కనే గుండిగ ఉంది. దాని మూత కాస్త వారగా ఉంది. రోజూ తీసే మూతే అలా ఉంటుందని మూతలమ్మాయికి ఒకరు చెప్పక్కర్లేదు.

తల్లి లేవలేదు. అన్నమాట ప్రకారం గురక పెడుతోంది.

మూతలమ్మాయి సంచీ దించి, చీకట్లోనే తడిమి, మూత సరిగ్గా పెట్టింది. టంగుమంది. గురక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంది, ఇందాకటికంటే గట్టిగా.