నలభై అడుగుల రోడ్డు

2012 అక్టోబర్ 13, శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు, కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో, భానుప్రకాష్ ఇంటి డైనింగ్ టేబుల్ మీద పరిచిన లేఔట్‌లో విజయశ్రీ తను పన్నెండు రోజులు ఉండి వచ్చిన ఇంటిని వెతికింది. ఆ ఇల్లు రోడ్డులో ఉంది.

రోడ్డు వెడల్పు నలభై అడుగులు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. దానికి పడమర వైపు నలభై ఎనిమిది ప్లాట్లు, ఆ తర్వాత ఇసుక, ఆ తర్వాత అట్లాంటిక్ సముద్రం. ఊరి పేరు కాగితం మీద లేదు. వెంచర్ పేరు ఉంది. అయినా వాగు సముద్రంలో కలిసే చోటు, దాని పక్కన రెండు బండలు ఆమె గుర్తు పట్టింది. బండల దగ్గర్నుంచి తూర్పుకి రెండు వందల అడుగులు నడిస్తే ఆ ఇల్లు. వేలుతో కొలిచింది. మళ్ళీ కొలిచింది. రెండుసార్లూ వేలు రోడ్డు మధ్యలోనే ఆగింది.

విజయశ్రీకి నలభై రెండేళ్ళు. మందుల కంపెనీలో క్వాలిటీ ఆడిటర్. ఇతరుల పనిలో జరగని పరీక్షలు ఏమిటో కనిపెట్టడం ఆమె ఉద్యోగం. ఆ ఏడాది జనవరిలో ఒక్కతే సియెర్రా లియోన్ వెళ్ళింది. భర్త రవికాంత్‌కి ప్రాజెక్ట్ రిలీజ్ ఉండి సెలవు దొరకలేదు. రాజధాని నుంచి ఆరు గంటలు జీపులో, చివరి పదకొండు మైళ్ళు మోటార్ సైకిల్ మీద వెళితే ఆ ఊరు. పదకొండు ఇళ్ళు సముద్రం పక్కన, మిగతా ఊరు లోపల. హోటల్ లేదు. హవా అనే ఆవిడ తన ఇంట్లో ఒక గది ఇచ్చేది. భర్త పోయాక చేపలు ఎండబెట్టి అమ్ముకుంటూ అదే ఇంట్లో ఒంటరిగా ఉంటోంది.

వెళ్ళేముందు విజయశ్రీ తనకి తాను పద్నాలుగు నియమాలు రాసుకుంది. గది అద్దె మధ్యవర్తికి కాకుండా హవా చేతికే ఇవ్వాలి. ప్లాస్టిక్ సీసా తీసుకెళ్ళకూడదు, బ్యాటరీలు అక్కడ పారేయకూడదు. అడగకుండా ఫోటో తీయకూడదు. పిల్లలకి చాక్లెట్లు పంచకూడదు. వాళ్ళు తినేదే తినాలి. ఆమె చేపలు తినదని తెలిశాక హవా కర్రపెండలం ఆకు కూర విడిగా వండి పెట్టింది. పద్నాలుగో నియమం, ఊరి పేరు ఇంటర్నెట్‌లో ఎక్కడా రాయకూడదు. పద్నాలుగూ పాటించింది.

మార్చి 10న ఇంట్లో పాట్‌లక్ పెట్టి, స్నేహితులకి ఫోటోలు చూపించింది. ఇరవై ఆరుమంది వచ్చారు. మొదటి స్లైడ్ మీద ఆ పద్నాలుగు నియమాలూ ఉన్నాయి. స్లైడ్లు అయ్యాక ప్రశ్నలు వచ్చాయి. నీళ్ళు ఎన్ని అడుగుల్లో పడతాయి అని ఒకరు అడిగారు. భూమి ఎవరిదని ఇంకొకరు. ఎవరి సొంతమూ కాదని, ఊరందరిదీ అని, పెద్దమనిషి పా సోరీ మాటే చెల్లుతుందని ఆమె చెప్పింది. తారు రోడ్డు ఎంత దూరంలో ఆగిందో చెప్పింది. ఎప్పుడు పొడిగిస్తారో కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ సంతోషంగా ఉంది.

రాజారావు ఆ రోజు ఏమీ అడగలేదు. ఆయన రిటైర్డ్ సివిల్ ఇంజనీరు. 1969లో అమెరికా వచ్చాడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తన ఖర్చుతో ముప్ఫై ఒక్క బోర్లు వేయించాడు. వారం తర్వాత ఫోన్ చేసి, ఆ ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళకి మైలున్నర నడుస్తున్నారని చెప్పావు కదమ్మా, బోరు నేను వేయిస్తాను అన్నాడు. విజయశ్రీ వెంటనే ఒప్పుకోలేదు. హవాని అడిగింది. పా సోరీని రెండుసార్లు అడిగింది. వాళ్ళు సరేనన్నాక ఏప్రిల్‌లో ఊరి పేరు, పా సోరీ ఫోన్ నంబరు, తనూ హవా సముద్రం దగ్గర నిలబడిన ఫోటో రాజారావుకి పంపింది. ఫోటో ఎందుకంటే, వెళ్ళేవాళ్ళని ఊళ్ళో నమ్మాలని.

మే నెలలో బోరు పడింది. నూట నలభై అడుగుల్లో నీళ్ళు. రాజారావుతో పాటు భానుప్రకాష్ కూడా వెళ్ళొచ్చాడు. అతను డబ్లిన్‌లో ఇళ్ళు అమ్మే ఏజెంటు.

ఆ తర్వాత జరిగింది ఆమెకి తెలియదు. అక్టోబర్ 13 వాళ్ళ పదిహేనో పెళ్ళిరోజు. చిన్న సర్‌ప్రైజ్ ఉంది, భోజనానికి భాను వాళ్ళింటికి వెళ్దాం అని రవికాంత్ తీసుకొచ్చాడు.

టేబుల్ చుట్టూ పదిహేనుమంది దాకా ఉన్నారు. పులిహోర ప్లేట్లు పట్టుకుని లేఔట్ మీదికి వంగి ప్లాట్ నంబర్లు చూసుకుంటున్నారు. పక్కన బ్రోషర్ల కట్ట. పైన ఏప్రిల్‌లో ఆమె పంపిన ఫోటో. దాని కింద తెలుగులో ఒక వాక్యం: మన విజయశ్రీ గారు కనుగొన్న తీరం.

"ఇక్కడ ఇళ్ళున్నాయి," అంది విజయశ్రీ.

"ఉన్నాయమ్మా, పదకొండు," అన్నాడు రాజారావు. "లోపల అర మైలు దూరంలో వేరే కట్టిస్తున్నాం. సిమెంటు గోడలు. యాభై ఏళ్ళ లీజు, పా సోరీ సంతకం, ఊరందరి వేలిముద్రలు. అంతా పద్ధతి ప్రకారమే. స్కూల్ కూడా ప్లాన్‌లో పెట్టాం. మనం పోకపోతే రేపు ఎవడో పెద్ద హోటల్‌వాడు పోతాడు. వాడు స్కూల్ కడతాడా?"

ఆమె ఇంత స్థలం ఉండగా రోడ్డు ఇళ్ళ మీదుగానే ఎందుకు పోవాలని అడిగింది.

దానికి జవాబు భానుప్రకాష్ నాన్నగారు తిరుపతయ్య చెప్పాడు. ఆరు నెలల వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చి ఉన్నాడు. తెనాలిలో స్థలాలు చూసి వాస్తు చెప్పేవాడు. అడిగినందుకు సంబరపడి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మావాడు ముందు రోడ్డు సముద్రం పక్కనే వేశాడమ్మాయ్. అంటే ప్రతి ప్లాటూ పడమటి ముఖం. పైగా పడమర అంత నీళ్ళాయె. ఊరికే ఇచ్చినా మనవాళ్ళెవరూ తీసుకోరు. స్కేలు తెమ్మని, రోడ్డుని ఇటు తూర్పుకి తిప్పాను. ఇప్పుడు అన్నీ తూర్పు గుమ్మాలే. పది నిమిషాల పని."

"మొదటి లేఔట్‌లో ఇళ్ళు పోలేదా?"

"ఏ ఇళ్ళు?" అన్నాడు తిరుపతయ్య. ఆయన చూసిన కాగితం మీద ఇళ్ళు లేవు.

భానుప్రకాష్ లాప్‌టాప్ తెచ్చాడు. జూలైలో పంపిన మొదటి లేఔట్ చూపించాడు. అందులో రోడ్డు ఇసుక మీదే ఉంది, ప్లాట్లు దాని వెనక ఉన్నాయి, పదకొండు ఇళ్ళు ఉన్న చోటు వాటి వెనక, హద్దు బయట, ఖాళీగా ఉంది. ఈస్ట్ ఫేసింగ్ అయితేనే బుక్ చేస్తామని కస్టమర్లు రాశారు, నేనేం చెయ్యను అక్కా అన్నాడు. అలా రాసినవాళ్ళు పంతొమ్మిదిమంది. మెయిళ్ళన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టాడు. మొదటిది జూలై 22, ఆదివారం రాత్రి వచ్చింది. పంపినవారి పేరు రవికాంత్.

విజయశ్రీ ఆ పేరు చదివింది. తర్వాత టేబుల్ అవతల నిలబడ్డ భర్తని చూసింది. అతను అప్పటికే జేబులోంచి కవరు తీస్తున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి కవరు ఇచ్చాడు. ప్లాట్ నంబర్ తొమ్మిది అలాట్‌మెంట్ లెటర్. ఆమె పేరు మీద ఉంది.

"వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఊరి గురించే చెప్తున్నావు కదా, విజ్జీ," అన్నాడు రవికాంత్. "రిటైర్ అయ్యాక అక్కడ ఒక చిన్న ఇల్లు ఉంటే బాగుంటుందనుకున్నాను."

"తూర్పు ముఖం నువ్వెందుకు అడిగావు? నీకు వాస్తు నమ్మకం లేదుగా."

"నాకు లేదు. నీకుంది. మన ఇల్లు కొనేటప్పుడు మూడు ఇళ్ళు వద్దన్నావు. తూర్పు కాదని. నీ పేరు మీద కొంటూ పడమర కొంటానా?"

అది నిజం. 2006లో మూడు ఇళ్ళు వద్దంది. మొదటిది వాళ్ళమ్మ ఫోన్‌లో వద్దందని. మిగతా రెండూ వాళ్ళమ్మకి చెప్పకుండా తనే వద్దంది. ఎందుకని ఏజెంటు అడిగితే మా పద్ధతి అంది. పద్నాలుగు నియమాలు రాసుకున్నప్పుడు ఇది గుర్తు రాలేదు. ఇది నియమంగా ఆమె ఎప్పుడూ రాసుకోలేదు.

ఆమె పెరట్లో కుర్చీలో కూర్చుంది. రవికాంత్ లోపలికి వెళ్ళాడు. నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు.

తర్వాత లేచి లోపలికి వెళ్ళి రాజారావుని ఒకే ప్రశ్న అడిగింది. ఇళ్ళు ఇప్పుడు ఉన్నాయా, తీసేశారా? ఉన్నాయని ఆయన అన్నాడు. వర్షాలు తగ్గాక, నవంబర్‌లో పని మొదలవుతుందట. ఈలోగా రోడ్డు మళ్ళీ సముద్రం వైపు మార్చమని ఆమె అడిగింది. మారిస్తే పంతొమ్మిదిమంది వెనక్కి పోతారని భానుప్రకాష్ అన్నాడు. పద్దెనిమిదిమంది అని రవికాంత్ అన్నాడు. ఎటువైపు లెక్కలో చేరుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. మార్చకపోతే తను తప్పుకుంటానని విడిగా చెప్పాల్సి వచ్చింది. పెళ్ళిరోజు పూట ఏమిటిదంతా అని తిరుపతయ్య అన్నాడు. సేమ్యా పాయసం వడ్డిస్తున్నవాళ్ళు గుమ్మం దగ్గర ఆగిపోయారు.

చివరికి రాజారావు ఆమె పక్కకి వచ్చాడు.

"సోమవారం అందరం కూర్చుందాం. అప్పటిదాకా అక్కడ ఒక్క రాయి కదలదు. నా మాట నమ్ము తల్లీ."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకి తెలిసింది అంతే.

ఇంటికి వచ్చేదారిలో ఆమె పా సోరీకి ఫోన్ చేసింది. స్విచాఫ్. హవా నంబరు కూడా కలవలేదు. హవా ఫోన్ ఎప్పుడూ మామూలుగానే ఆగిపోయి ఉంటుంది. ఊళ్ళో కరెంటు లేదు. ఆదివారం సంతకి వెళ్ళినప్పుడు ఒక కొట్టులో చార్జింగ్ పెట్టించుకుంటుంది. ఆ సంగతి విజయశ్రీకి తెలుసు. కాబట్టి ఆదివారం దాకా ఆగాలి. అక్కడి టైమ్ ఏడు గంటలు ముందు.

ఆ రాత్రి హవాతో ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుంది. వేలిముద్ర ఇంకా వెయ్యకపోయి ఉంటే వెయ్యొద్దు. వేసి ఉంటే ఇల్లు ఖాళీ చెయ్యొద్దు. రాజధానిలో ఉచితంగా కేసులు చూసే లాయర్ల పేర్లు రెండు రాసింది.

ఆదివారం ఉదయం ఏడుంపావుకి, ఐదోసారి చేసినప్పుడు హవా ఫోన్ ఎత్తింది. విజయశ్రీ స్పీకర్ పెట్టి ఫోన్ వంటింటి గట్టు మీద ఉంచింది. రవికాంత్ పక్కనే నిలబడ్డాడు.

హవా ముందు మీ అమ్మ ఎలా ఉందని అడిగింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. తర్వాత, నీ మనుషులు చాలా మర్యాదస్తులని చెప్పింది. రెండు విడతలు వచ్చారట. మొదటిసారి ఖాళీ నేల అడిగారు, ఇచ్చారు. సెప్టెంబర్‌లో మళ్ళీ వచ్చి ఇళ్ళున్న నేల అడిగారు. ఊళ్ళో కొందరు వద్దన్నారు. హవా ఇద్దామంది.

"ఎందుకు ఇద్దామన్నావు?"

"వాళ్ళ దగ్గర మన ఫోటో ఉంది, విజీ. నువ్వు, నేను. నీ మనుషుల్ని కాదంటే నీ ముఖం ఎలా చూస్తాను? మొదటి వేలిముద్ర నాదే."

"నేను పంపలేదు హవా. నాకు నిన్ననే తెలిసింది."

అటువైపు సంతలో ఎవరో ధర అరుస్తున్నారు.

"మరి మేం ఎవరికి ఇచ్చాం?" అంది హవా.

విజయశ్రీ పేర్లు చెప్పింది. రాజారావు. భానుప్రకాష్. రవికాంత్. హవా ఒక్కో పేరు పలికి చూసుకుంది. మొదటి ఇద్దరూ ఊరికి వచ్చినవాళ్ళు, తెలుసంది. మూడోవాడు ఎవరని అడిగింది.

"మా ఆయన," అంది విజయశ్రీ.



కాగితం మీద రాసుకున్నవేవీ విజయశ్రీ ఇంకా చెప్పలేదు. అందులో మొదటి మాటకి అప్పటికే అర్థం లేకుండా పోయింది. రెండోది చెప్పబోయి, ముందుగా, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నావని అడిగింది.

అక్క ఇంట్లో, పొరుగూళ్ళో అని హవా చెప్పింది. వర్షం తెరిపిచ్చిందని కాంట్రాక్టరు అనుకున్నదానికంటే ముందే మిషన్ తెచ్చాడట. బుధవారం, అంటే అక్టోబర్ 10న, పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నం వేళకి పదకొండు ఇళ్ళూ తీసేశారు. ఆమెది మూడోది. పైకప్పు రేకులు విరగకుండా విప్పి ఇచ్చారు. కొత్త ఇళ్ళకి ఇంకా పునాది తియ్యలేదు.